లైసెన్సు లేని మోసం

గుబ్బల మంగతాయారు మోసపోయిన సంగతి నిడదవోలులో అందరికీ తెలిసిన రెండు నెలలకు, ఆ మోసం చెల్లదని ప్రభుత్వం తేల్చింది.

మోసం జరగలేదని కాదు. శుభ్రంగా జరిగింది. స్టేషన్ రోడ్డులో కర్రీ పాయింట్ నడుపుకునే మంగతాయారు, పక్క కొట్టు కూడా అద్దెకు తీసుకుని నాలుగు బల్లలు వేద్దామనుకుంది. ఇల్లు తనఖా పెడితే రెండు లక్షలు ఇప్పిస్తానని కొప్పిశెట్టి ఆదిశేషు అనే బ్రోకరు వచ్చాడు. కాగితాల కట్ట ముందు పెట్టి, పెన్సిలుతో టిక్కు కొట్టిన చోటల్లా సంతకాలు చేయించుకున్నాడు. అన్నట్టే ఆమె చేతికి రెండు లక్షలు వచ్చాయి. ఆమె పేరు మీద ఫైనాన్స్ కంపెనీ ఇచ్చింది మాత్రం ఆరు లక్షలు. మిగతా నాలుగూ, ఆదిశేషూ ఒకే రోజున ఊళ్ళోంచి మాయమయ్యారు.

ఆరు లక్షలకి వాయిదాలు కట్టడం కూరలమ్మే మనిషి వల్ల ఏమవుతుంది? నాలుగు నెలలు ఆగి, కంపెనీ వాళ్ళు తలుపుకి నోటీసు అంటించారు. ఏప్రిల్ ఐదో తారీఖున ఇల్లు వేలం. రెండు గదులూ ఒక వంటపాకా ఉన్న ఇల్లు అది. శ్లాబు వేసిన రోజున కూలీలు చాలక మంగతాయారు కూడా తట్ట నెత్తిన పెట్టుకుని నిచ్చెన ఎక్కింది. భర్త కింద నుంచి, "చాల్లే దిగు, పడతావు" అని అరుస్తూనే ఉన్నాడు. ఆయన పోయి ఎనిమిదేళ్ళయింది. ఇంటికి సున్నం వేయించినప్పుడల్లా ఆమెకి ఆ అరుపు వినిపిస్తుంది.

"తనఖాల్లో మోసపోయినవాళ్ళ కోసం సర్కారు వారి నిధి ఒకటుందండి," అని చెప్పాడు రోజూ గోంగూర కోసం వచ్చే ప్లీడరు గుమాస్తా. "బ్రోకర్ల దగ్గర లైసెన్సు ఫీజు వసూలు చేసి, దాన్లోంచి మీలాంటోళ్ళకి ఇస్తారంట."

ఆ రోజు మధ్యాహ్నమే మంగతాయారు కొట్టు కట్టేసి జిల్లా కేంద్రానికి బస్సెక్కింది.

తనఖా రుణ వినియోగదారుల ఉపశమన నిధి కార్యాలయం ఒక కళ్యాణమండపం పై అంతస్తులో ఉంది. మెట్లెక్కగానే నల్లబోర్డు. 'నిధిలో నిల్వ: ఒక కోటి పద్నాలుగు లక్షలు' అని సుద్దతో రాసి ఉంది. దాని కింద 'బాధితులకు చెల్లించినది' అన్న చోట సున్నా. ఆ సున్నాని ఎవరో ఎంతో శ్రద్ధగా, గుండ్రంగా, రంగు సుద్దతో దిద్దారు.

సహాయ సంచాలకులు భమిడిమర్రి విశ్వపతి గారు మంచి మనిషి. కుర్చీ చూపించారు, మంచినీళ్ళు తెప్పించారు, ఆమె రాయించుకొచ్చిన అర్జీ చదివారు. మాట్లాడితే మాత్రం ఎవరో పక్కన నిలబడి ఫైలు చదువుతున్నట్టుండేది.

"మీ దరఖాస్తు కూలంకషముగా పరిశీలించడమైనది. సదరు ఆదిశేషు అనువానికి మా కార్యాలయము నుండి లైసెన్సు జారీ కాలేదు. లైసెన్సు లేనివాడు మధ్యవర్తి కాడు. మధ్యవర్తి కానివాడు చేసినది తనఖా మోసము కాదు."

"మరి నాలుగు లక్షలు పట్టుకుపోయాడు కదండీ?"

"పోయి ఉండవచ్చును. అది మీ ఇరువురి స్వంత విషయము."

"అయ్యగారూ, మోసం చేసేవాడు లైసెన్సు తీసుకుని మరీ చేస్తాడాండీ?"

"ఎందుకు తీసుకొనరాదమ్మా? ఐదువేలే కదా. అందులో సగము ఈ నిధికే జమ. ప్రతివాడూ బాధ్యతగా లైసెన్సు తీసుకుని మోసము చేసిన యెడల ప్రజలకు ఎంత ధైర్యముగా ఉండును!" అని ఆయన నిజంగానే బాధపడ్డారు. "పౌరులు కూడా మోసపోవుటకు ముందు ఎదుటివాని లైసెన్సు అడిగి చూచుకొనవలెను."

పక్క బల్ల దగ్గర సీనియర్ అసిస్టెంటు సుగుణమణి నిబంధనల పుస్తకం మీద మోచేయి ఆనించి వింటోంది. ఇరవయ్యేళ్ళ సర్వీసులో ఆమె ఆ పుస్తకాన్ని మూడుసార్లు చదివింది. ఆఫీసులో చేయడానికి వేరే పని ఉండేది కాదు.

"ఇరవై రెండో నిబంధన ఉంది సార్," అంది. "వెనకటి తేదీ నుంచి లైసెన్సు ఇవ్వొచ్చు. అపరాధ రుసుముతో కలిపి తొమ్మిదివేలు. మనిషి స్వయంగా దరఖాస్తు చేసుకోవాలి."

విశ్వపతి గారి మొహం విప్పారింది. "చూచితిరా! సదరు ఆదిశేషుకు మోసము నాటికి లైసెన్సు ఉండునట్లు చేయవచ్చును. మీరు చేయవలసినదల్లా ఆయనను వెదకి తీసుకొనివచ్చుటయే."

పోలీసులు రెండు నెలలుగా వెతుకుతున్నామంటున్న ఆదిశేషు, కొవ్వూరు బస్టాండు ఎదురుగా 'ఆదిశేషు ఆస్తి సలహాలు' అని బోర్డు పెట్టుకుని కూర్చున్నాడు. మంగతాయారు పది గంటలకి బస్సు దిగింది. పదీ ఐదుకి అతని ముందు నిలబడింది. ఆమె చేతిలో చెప్పు లేకపోవడం చూసి అతను కొంచెం కుదుటపడ్డాడు.

"అక్కోయ్! నువ్వా! నేనే వద్దామనుకుంటున్నా ఓసారి."

"ఏరా శేషూ, నా కొంప వేలానికొచ్చిందిరా."

"తెలుసక్కా. మనసేం బాగోలేదు."

ఆమె ఏడవలేదు, తిట్టలేదు. బస్సులో తిట్టుకోవాల్సినవన్నీ తిట్టుకుని వచ్చింది. కూర్చుని లైసెన్సు సంగతి చెప్పింది. ఆదిశేషు రెండుసార్లు అడిగి మళ్ళీ చెప్పించుకున్నాడు.

"అంటే నీకు నేను టోపీ పెట్టినందుకు, నాకు నువ్వు లైసెన్సు కొనిపెడతావు?"

"మరేంరా. సర్కారు వారు అలాగే చెయ్యమన్నారు."

"ఆళ్ళే అన్నాక మనకెందుకక్కా, పద," అని అతను లేచి చొక్కా సర్దుకున్నాడు.

తొమ్మిదివేల కోసం మంగతాయారు చెవులవి తీసి అమ్మింది. పరిహారం దరఖాస్తు రుసుము ఇంకో పదిహేను వందలు. ఆఫీసువాళ్ళు రెంటికీ రసీదులు ఆమె పేరునే ఇచ్చారు. లైసెన్సు కావాలంటే రెండు రోజుల వృత్తినీతి శిక్షణ, ఆపైన పరీక్ష. ఆ రెండు రోజులూ ఆదిశేషు తప్పించుకుపోకుండా మంగతాయారు మెట్ల దగ్గర కాపలా కూర్చుంది. మధ్యాహ్నం అతనికి క్యారేజీ కూడా ఆమే తెచ్చింది. ఆకలేస్తే పారిపోతాడని భయం. రెండో రోజు వంకాయ కూరలో ఉప్పు తక్కువైందన్నాడు. ఆమె గరిటె అక్కడే పెట్టి, మొహం తిప్పుకుని, చేతులు గట్టిగా కట్టుకుంది.

పరీక్షలో ఆదిశేషు యాభైకి నలభై తొమ్మిది తెచ్చుకుని జిల్లా మొదటివాడయ్యాడు. 'ఖాతాదారుల చేత ఖాళీ కాగితాల మీద సంతకాలు తీసుకొనుట వలన కలుగు అనర్థములు వివరింపుము' అన్న ప్రశ్నకి అతను నాలుగు పేజీలు, ఉదాహరణలతో సహా రాశాడు. దిద్దిన విశ్వపతి గారికి కళ్ళు చెమర్చాయట.

లైసెన్సు వచ్చింది. పోయిన ఏడాది జూన్ ఒకటి నుంచే ఉన్నట్టు ముద్ర వేశారు. మంగతాయారు ఆ కాగితం నకలు జతచేసి పరిహారం దరఖాస్తు మళ్ళీ ఇచ్చింది.

"ఇప్పుడు కుదిరిందాండీ?"

"కుదిరినది కానీ," అన్నారు విశ్వపతి గారు, "ఇప్పుడు సదరు ఆదిశేషు గారు సత్ప్రవర్తన కలవారని మేమే ధ్రువపరచి యున్నాము. అట్టివారు మోసము చేసిరని మేమెట్లు నమ్మగలము? కోర్టు తీర్పయినా ఉండవలెను, లేక వారే స్వహస్తముతో ఒప్పుకొనవలెను."

"కోర్టులో ఎన్నాళ్ళు పడుతుందండీ?"

"పది పన్నెండేళ్ళు," అంది సుగుణమణి తల ఎత్తకుండా. "ఒప్పుకుంటే మాత్రం మర్నాడే లైసెన్సు రద్దవుతుంది. అతను ఒప్పుకోడు."

అతను ఒప్పుకోలేదు. మంగతాయారు మళ్ళీ కొవ్వూరు వెళ్ళేసరికి ఆదిశేషు గదికి ఏసీ పెట్టించాడు. ఆమె కొన్న లైసెన్సుకి పటం కట్టించి, కుర్చీ వెనక, వచ్చినవాళ్ళకి కనిపించేలా తగిలించాడు. బయట ఆరుగురు కాగితాల సంచులు పట్టుకుని కూర్చున్నారు.

"ఇదివరకటి మాటైతే వేరక్కా. ఇప్పుడు నేను లైసెన్సున్న మనిషిని. మోసం చేశానని నేనే రాసిస్తే, ఆ డిపార్టుమెంటు పరువేం గాను?"

బయటికి వస్తూ ఆమె ఆ ఆరుగురి వైపు చూసింది. "సంతకాలు చదివి పెట్టండమ్మా," అంది. అందులో ఒకావిడ గోడమీది పటాన్ని చూపించి, "లైసెన్సుంది కదండీ," అంది.

మంగతాయారు ఆ రోజు ఇంటికెళ్ళి కూరలు వండలేదు. అరుగు మీద కూర్చుని, తలుపు మీదున్న నోటీసుని చూస్తూ ఉండిపోయింది. దాని ఒక మూల ఊడి గాలికి కొట్టుకుంటోంది. కాసేపటికి లేచి ఆ మూలని తడిచేత్తో మళ్ళీ అంటించింది. ఎందుకలా చేసిందో ఆమెకే తెలియలేదు.

ఫిబ్రవరి నెలాఖరున నిధి కార్యాలయానికి ఆడిట్ వాళ్ళు వచ్చారు. వాళ్ళు బోర్డు మీద సున్నాని మెచ్చుకోలేదు. ఇన్నేళ్ళలో ఒక్క బాధితుడికైనా పైసా ఇవ్వని కార్యాలయానికి పదకొండు ఉద్యోగాలెందుకని రాశారు. మార్చి ముప్పై ఒకటి లోపల కనీసం ఒక్క పరిహారమైనా చెల్లించకపోతే కార్యాలయాన్ని ఎత్తివేసి, సిబ్బందిని గోనెసంచుల నాణ్యతా విభాగంలో కలపాలని సిఫారసు చేశారు.

దాంతో విశ్వపతి గారికి బాధితుల మీద ఎన్నడూ లేనంత ప్రేమ పుట్టుకొచ్చింది. జిల్లాలోని మూడువందల పన్నెండు మంది లైసెన్సుదారులకి సర్క్యులర్ పంపారు. 'తమలో ఎవరైనను మోసము చేసియున్న యెడల స్వచ్ఛందముగా ముందుకు వచ్చి కార్యాలయమునకు సహకరింప ప్రార్థన. మొదట వచ్చిన మోసగానికి శాలువాతో సత్కారము.' ఒక్కడూ రాలేదు. పైగా తమది మచ్చలేని వృత్తి అని అందరూ కలిసి ఊరేగింపు తీశారు. ముందు నడిచి నినాదాలు చెప్పినవాడు ఆదిశేషు.

మార్చి ఇరవయ్యో తారీఖున, మిట్టమధ్యాహ్నం, కర్రీ పాయింట్ ముందు స్కూటరు ఆగింది. విశ్వపతి గారు, వెనక సుగుణమణి దిగారు. మంగతాయారు బల్ల తుడిచి, ఇద్దరికీ అన్నం, పప్పు, దొండకాయ వేపుడు పెట్టింది. ఆయన రెండో ముద్ద దాకా ఆగలేకపోయారు.

"అమ్మా, మిమ్ములను ఇంకెవరైనా మోసగించియున్నారా? లైసెన్సు గలవారు? చిన్న మోసమైనను ఫరవాలేదు."

ఇన్నాళ్ళూ ఈ మనిషి ముందు చేతులు కట్టుకుని నిలబడిన మంగతాయారుకి, ఆయన గొంతులో వణుకు మొదటిసారి వినిపించింది. అది తన గొంతులోని వణుకులాగే ఉంది. ఆయనకీ పోయేదొకటుందన్నమాట.

"ఉన్నారండి," అంది. "ఇల్లు తనఖాలో ఉందని తెలిసి, డబ్బు తిరిగి ఇప్పిస్తామని చెప్పి, నా దగ్గర పదివేల ఐదువందలు తీసుకుని, ఏమీ ఇప్పించని వాళ్ళు ఒకళ్ళున్నారు. రసీదులు కూడా ఉన్నాయి."

"భేష్! ఎవరమ్మా వారు?"

ఆమె పోపు డబ్బాలోంచి రెండు రసీదులు తీసి ఆయన విస్తరి పక్కన పెట్టింది. వాటి మీద ఉన్నది ఆయన సంతకమే.

విశ్వపతి గారు చెయ్యి కడుక్కోవడానికి లేవబోయారు. సుగుణమణి మాత్రం తింటూనే, కళ్ళు మూసుకుని పుస్తకంలోని పేజీ గుర్తు చేసుకుంది.

"రెండో నిబంధన సార్. తనఖా ఉన్న ఆస్తి విషయమై రుసుము తీసుకుని సాయం చేస్తానన్న ఏ వ్యక్తి అయినా, ఏ సంస్థ అయినా మధ్యవర్తే. మనం మధ్యవర్తులమే. మధ్యవర్తి మోసం చేసినట్టు తేలితే, ఆ తనఖాలో బాధితుల చేతికి రాని సొమ్మంతా నిధే కట్టాలి."

"మనకు లైసెన్సు లేదు కదా!" అన్నారాయన.

"వెనకటి తేదీ నుంచి ఇవ్వొచ్చు కదండీ," అంది మంగతాయారు, ఆయన విస్తట్లో ఇంకో గరిటెడు వేపుడు వేస్తూ. "తొమ్మిదివేలేగా."

కార్యాలయం తనకి తానే దరఖాస్తు పెట్టుకుంది. తొమ్మిదివేలూ తనకి తానే కట్టుకుని, సగం నిధికి జమ చేసుకుంది. సంస్థ తరఫున పెద్దతలకాయ పరీక్ష రాయాలి గనుక విశ్వపతి గారు రెండు రోజుల వృత్తినీతి శిక్షణకి కూర్చున్నారు. పాఠం చెప్పడానికి ఎవరూ లేక, జిల్లా మొదటివాడైన ఆదిశేషుని పిలిపించారు. అతను గంటకి ఐదువందలు తీసుకుని చెప్పాడు. విశ్వపతి గారికి యాభైకి పద్దెనిమిది వచ్చాయి. పాసు మార్కు పదిహేడున్నర.

మార్చి ముప్పై ఒకటో తారీఖు, సాయంత్రం నాలుగు గంటలు. ఖజానా కంప్యూటరు ఐదింటికి మూతపడుతుంది. మంగతాయారు దరఖాస్తు బల్ల మీద ఉంది. మోసగాడి ఒప్పుకోలు పత్రం మాత్రం రాయాలి. విశ్వపతి గారు కలం పట్టుకుని అరగంటగా కూర్చున్నారు. చివరికి రాసి ఇచ్చారు.

సుగుణమణి పైకి చదివింది. "'సదరు మహిళకు సేవలందించుటలో అనివార్య కారణముల వలన స్వల్ప జాప్యము కలిగెనని...' సార్, జాప్యానికి నిధి డబ్బివ్వదు."

ఆయన చించి మళ్ళీ రాశారు. ఈసారి 'అవగాహనాలోపము' వచ్చింది. దానికీ ఇవ్వదంది ఆమె. మూడోసారి 'పరిహారార్హమైన పరిస్థితి' వచ్చింది. నాలుగూ నలభై అయింది. పదిమంది సిబ్బంది ఆయన చుట్టూ మూగారు. ఎవరి కళ్ళముందైనా గోనెసంచులే.

"అయ్యగారూ," అంది మంగతాయారు, "మోసం అని రాయండి."

"ముప్పై ఒక్క సంవత్సరముల సర్వీసమ్మా," అన్నారాయన. ఫైలు చదివే గొంతు కాదది. "ఆ మాట నా చేత్తో ఎప్పుడూ రాయలేదు. ఎవరి గురించీ."

"నేను మట్టుకు ఇలాంటివి ఎరుగుదునాండీ? ఈ ఐదు నెలల్లో నేను దొంగకి క్యారేజీ మోశాను. ఆడు ఉప్పు తక్కువైందంటే విన్నాను. నేను మోసిన తట్టల శ్లాబు కింద రేపు ఇంకెవరో పడుకుంటారంటే నాకు ముద్ద దిగట్లేదండి. మీరు రెండక్షరాలు రాయలేరా?"

ఆయన ఆమె వైపు చూశారు. చెవులకి ఏమీ లేకపోవడం అప్పుడే గమనించినట్టున్నారు. వంగి, గబగబా, ఆగకుండా రాశారు: 'ఇల్లు పోతున్న మనిషి వచ్చి అడిగితే మా ఆఫీసు ఆమె దగ్గరే డబ్బు తీసుకుంది, ఏమీ చేయలేదు. మోసం చేశాం.' కింద సంతకం పెట్టారు. అదే కాగితం మీద, మంజూరు చేసే అధికారి హోదాలో, మరో సంతకం కూడా పెట్టారు. ఆయన సర్వీసులో సదరు లేని కాగితం అదొక్కటే.

నాలుగూ యాభై ఆరుకి నాలుగు లక్షలు, దాని మీద పడిన వడ్డీ, నేరుగా ఫైనాన్స్ కంపెనీ ఖాతాకి వెళ్ళాయి. ఎవరో సుద్ద తీసుకుని పరుగెత్తి బోర్డు మీది సున్నాని చెరిపారు. విశ్వపతి గారు రసీదుల తాలూకు పదివేల ఐదువందలు సొంత జేబులోంచి తీసి ఇవ్వబోతే, ఆమె లెక్క చూసుకుని మరీ తీసుకుంది.

ఏప్రిల్ మూడున కంపెనీ మనిషి వచ్చి వేలం రద్దయినట్టు కాగితం ఇచ్చాడు. తను నిజంగా తీసుకున్న రెండు లక్షలకి ఇక నుంచి వాయిదాలు కడతానని రాసిచ్చి, మంగతాయారు తలుపు మీది నోటీసుని బకెట్టు నీళ్ళు పెట్టి గీకింది. ఆ రోజు నాలుగు రకాల కూరలు వండింది.

ఒక క్యారేజీ కట్టి సుగుణమణికి ఇద్దామని ఆమె మర్నాడు జిల్లా కేంద్రానికి వెళ్ళింది. కార్యాలయం తలుపు మీద కొత్త ప్రకటన కనిపించింది. 'మోసము అంగీకరించినందున ఈ కార్యాలయము లైసెన్సు రద్దు చేయడమైనది. ప్రజలు దీనితో ఎట్టి లావాదేవీలును జరుపరాదు.' కింద విశ్వపతి గారి సంతకం. పదకొండు ఉద్యోగాలు మాత్రం భద్రంగా ఉన్నాయి. లోపల పదకొండుమందీ ఎవరి కుర్చీల్లో వాళ్ళు కూర్చుని ఫ్యాను గాలికి తిరిగే కాగితాలని చూస్తున్నారు. ఇక చేయడానికి పని లేదు. చేయాలన్నా చట్టం ఒప్పుకోదు.

మెట్ల మీద నలభైమంది దాకా ఉన్నారు. పేపర్లో మంగతాయారు సంగతి చదివి వచ్చినవాళ్ళు. అందరి చేతుల్లోనూ నోటీసులే. కొవ్వూరులో ఆదిశేషు గది బయట కనిపించినావిడ కూడా ఉంది. ఆవిడ తల దించుకుంది.

ముందు వరసలో ఉన్న మనిషి లేచి నిలబడ్డాడు. ఇళ్ళకి రంగులు వేసే పేరయ్య. గోళ్ళలో నీలం రంగు ఇంకా ఉంది.

"మంగతాయారుగారంటే మీరేనాండీ? లోపల సారు చెప్తున్నారు, ఆఫీసుని ఒక్కసారే వాడుకోవచ్చంట. మీకు వాడేశారంట. మరి మేమెవరికి లైసెన్సు ఇప్పించాలండీ?"

బస్సుకి టైమైంది. మంగతాయారు చేతిలోని క్యారేజీని చూసుకుంది, మెట్ల మీది మనుషుల్ని చూసింది. తర్వాత పైమెట్టు మీద చెంగు పరిచి కూర్చుని క్యారేజీ గిన్నెలు విప్పింది.

"ముందు తలో ముద్దా తినండి," అంది. "సుగుణమణిగారూ, ఓసారి బయటికి రండి, ఆ పుస్తకం కూడా తెండి. రాజధానిలో వీళ్ళకి పై ఆఫీసు ఒకటుందంట కదండీ. దానికి లైసెన్సుందో లేదో చూద్దాం."